పీతపిల్ల నాటకానికి నా తొలిమాట

పుదుచ్చేరి వెళ్ళొచ్చానని చెప్పగానే మా కాకినాడలో అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఆ పసుపుపచ్చ గోడల ముందు ఫోటో దిగావా?" దిగలేదు. ఫోటో కోసం ఆ గోడల ముందు వరసలో నిలబడ్డ కొత్త జంటల్ని చూశాను. వాళ్ళని పొమ్మనలేక తలుపులేసుకుని కూర్చున్న ఇంటివాళ్ళనీ చూశాను. ఎర్ర టోపీ పోలీసుల్ని కూడా చూశాను. కానీ నేను వెళ్ళింది వీటికోసం కాదు. ఒక నాటకం చూసి నాలుగు మాటలు చెప్పమంటే వెళ్ళాను. చూసి రమ్మంటే కాల్చి వచ్చిన రకం నేను. ఇప్పుడు రాస్తున్నదంతా ఆ కాల్చిన సంగతే. మధ్యలో కాస్త చేపల కూరా, కాఫీ ఉంటాయి.

నా పేరు రాజేశ్వరి. పాతికేళ్ళు పరిషత్తు నాటకాల్లో వేషాలు వేశాను. ఇప్పుడు పోటీలకి న్యాయనిర్ణేతగా పిలుస్తున్నారు. నా నోరు మంచిది కాదని ఇంటా బయటా అందరూ ఒప్పుకున్న విషయం. మా వైపు అదేం పెద్ద తప్పు కాదు. నాటకం అయ్యాక టీ బడ్డీ దగ్గర చేరి దాన్ని ఉతికి ఆరేస్తాం. తిట్లు తిన్న దర్శకుడు తిరిగి తిడతాడు. రెండో టీ అయ్యేసరికి భుజాల మీద చేతులు పడతాయి. ఎవరూ తిట్టకపోతేనే మా దర్శకులకి బెంగ, తమ నాటకం ఎవరూ చూడలేదేమోనని.

పోయిన ఏడాది నెల్లూరు పోటీల్లో నేను మాట్లాడటం విని, గోవిందసామి అనే పెద్దమనిషి నా ఫోన్ నంబరు తీసుకున్నాడు. విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. పుదుచ్చేరి ఒర్లియంపేటలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకి ఒక సంఘం ఉంది, దానికి అధ్యక్షుడు. మొన్న ఫోన్ చేశాడు.

"అమ్మా, పిల్లోళ్ళు చూసే బొమ్మల సినిమా ఒకటి ఉండాది గదా, ఎండ్రకాయ కత. దాన్ని మేము పాటల నాటకం చేసినాము. వొచ్చే నెల యానాంలో గవర్మెంటు పండగలో ఆడాల. దానికి ముందు ఈడ ఒక తూరి ఆడతా ఉండాము. మీరు వొచ్చి చూసి ఒక మాట చెప్పాల."

ఎండ్రకాయంటే మన పీతే. ఆ సినిమా మా అక్క మనవరాలు పద్దెనిమిదిసార్లు చూసింది కాబట్టి నేనూ అన్నిసార్లు చూసినట్టే. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు తల్లి నుంచి తప్పిపోయిన ఒక పీతపిల్ల, తల్లిని వెతుక్కుంటూ ఒడ్డంతా తిరిగే కథ. బొమ్మల్లో ఆ పీతపిల్ల బొటనవేలంత ఉంటుంది. దాన్ని మనుషులు రంగస్థలం మీద ఎలా ఆడతారో చూడాలని బయలుదేరాను.

ఒర్లియంపేట

బస్సు దిగగానే ఆటో అతను కిలోమీటరున్నరకి రెండువందలు అడిగాడు. నేను తెలుగులో విసుక్కున్నాను. అతను కూడా తెలుగులోనే, "యాడికి మా? ఎండ్రకాయ నాటకానికా?" అన్నాడు. అవునంటే నూట ఇరవైకి దిగాడు. సంచి తనే ఎత్తి లోపల పెట్టాడు. ఊళ్ళో నాటకానికి ఆ మాత్రం పేరుందని తెలిసి ముచ్చటేసింది.

నాకు బస దేవకి ఇంట్లో. ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో ఆయా. ఇల్లు సన్నగా, పొడుగ్గా, రైలుపెట్టెలా ఉంటుంది. ఆ సందులో ఇళ్ళన్నీ అంతే. ఒక ఇంట్లో తాలింపు వేస్తే నాలుగు ఇళ్ళలో తుమ్ముతారు. రాత్రి భోజనంలో బేకరీ నుంచి తెచ్చిన పొడుగు రొట్టెని ముక్కలు చేసి, చేపల కొళంబులో ముంచుకు తిన్నాం. కొళంబంటే వాళ్ళ పులుసు. అందులో కొబ్బరి రుబ్బి పోస్తారు. మా పులుసులో కొబ్బరి పడితే మా అమ్మ గిన్నె వీధిలో పెట్టేది. ఇక్కడ మాత్రం మూడుసార్లు వడ్డించుకున్నాను.

"రేపు నాటకం అయినాక తొలిమాట మీరే చెప్పాల అమ్మా," అంది దేవకి. "మా పేటలో దానికి పెద్దోళ్ళనే పిలుస్తాము."

పెద్దమనిషి హోదా ఎవరికి చేదు? సరేనన్నాను. తొలిమాట అంటే ఏమిటని అడగలేదు. ముందు మాట్లాడటమే కదా అనుకున్నాను.

అరియాంకుప్పం నుంచి వచ్చిన కస్తూరి

ఆ సాయంత్రమే సంఘం హాల్లో ఆఖరి రిహార్సల్ జరిగింది. పీతపిల్ల వేషం వేసే మనిషిని పరిచయం చేశారు. పేరు ఎం. కస్తూరి. నలభై ఆరేళ్ళు. పొట్టిగా, కాస్త బరువుగా ఉంది. ఏటికి అవతల అరియాంకుప్పంలో ఇల్లు. బడిపిల్లలకి మధ్యాహ్నం అన్నం వండే ప్రభుత్వ వంటశాలలో పని. పని అయ్యాక బస్సెక్కి వచ్చేది. చేతులకి ఇంకా సాంబారు వాసన పోలేదు.

ఈ నాటకానికి ప్రాణం ఆవిడేనని పది నిమిషాల్లో అర్థమైంది. వీళ్ళంతా ఇంట్లో తెలుగే మాట్లాడతారు కానీ తెలుగు అక్షరాలు రావు. పుస్తకం ఇస్తే తలకిందులుగా పట్టుకున్నా తెలియదు. కస్తూరి ఆ సినిమా తెలుగు మాటల్ని ఫోన్‌లో వింటూ, ఆపుతూ, మళ్ళీ వింటూ మొత్తం నోటికి పట్టింది. సినిమా పాటలు స్టేజీకి కుదరవని తన మాటలతో, వాళ్ళ అవ్వ పాడే వరసలతో కొత్తవి కట్టింది. వాటిని ఇరవైమందికి ఎనిమిది నెలలపాటు నోటితోనే నేర్పింది. మా పరిషత్తుల్లో కాగితం చేతిలో ఉన్నా డైలాగు మరిచిపోయే మహానటులున్నారు. వాళ్ళని తలుచుకుని సిగ్గుపడ్డాను.

కాఫీ తాగుతూ నా పక్కన కూర్చుంది.

"యానాంలో బోర్డులన్నీ మన బాసలోనే ఉంటాయంట గదా అమ్మా?"

"ఉంటాయమ్మా. అయినా నీకు చదవడం రాదుగా?"

"చదవలేను. చూడాల." కాఫీ గ్లాసు కింద పెట్టింది. "అంగట్లో, పోస్టాఫీసులో, బస్సులో, అంతా మన మాటే మాట్లాడతారంట. మా నాయన చెప్పేవాడు. ఆయన పోలేదు. నేనూ ఈ ఊరు దాటి యాడికీ పోలేదు. ఆడ నిలబడి మన మాటలో పాడాల, ఆడ ఉండేవాళ్ళు ఇనాల. అంతే."

యానాం మాకు గంట బస్సు ప్రయాణం. ఏదో పనిమీద వెళ్తాం, వస్తాం. దాని గురించి ఒకరు ఇలా మాట్లాడటం అంతకుముందు నేను వినలేదు.

శనివారం ఉదయం చేసిన పని

తెల్లారి ఎనిమిదింటి నుంచి దేవకి ఇంటికి జనం రావడం మొదలైంది. ఒకావిడ మూర మల్లెపూలు తెచ్చింది. ఒకాయన నాలుగు అరటిపళ్ళు తెచ్చాడు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు కూర్చుని నాటకం గురించే మాట్లాడుతున్నారు. ఎండ్రకాయ కొండీలు బాగున్నాయని ఒకరు, బరువెక్కువని ఇంకొకరు. కస్తూరి పాటకి తన కూతురు అన్నం మానేసి ఏడ్చిందని మూడో ఆవిడ. నాకు విసుగొచ్చింది. సాయంత్రం చూడబోయే నాటకాన్ని పొద్దున్నే ఎవరు వింటారు? తలనొప్పని చెప్పి, పక్క సందులోంచి జారుకుని సముద్రం ఒడ్డుకి పోయాను.

ఒడ్డు అంటే ఇసుక కాదు, నల్లరాళ్ళు. రాళ్ళ మీద కూర్చుని ఇరవై రూపాయల సుండల్ తిన్నాను. మనం గుగ్గిళ్ళంటాం. మావిడికాయ తురుమూ, కొబ్బరీ కలిపి ఇస్తారు. చాలా బాగుంది. రెండు గంటలు హాయిగా గాలి పీల్చుకుని, జనం వెళ్ళిపోయి ఉంటారనుకున్నాక ఇల్లు చేరాను.

జనం అప్పటికే వెళ్ళిపోయారు, దేవకి ఒక్కతే ఉంది. మల్లెపూలు మాత్రం నీళ్ళు చల్లి నాకోసం దాచి ఉంచింది.

పీతలు పక్కకే నడుస్తాయి

సాయంత్రం ఐదున్నరకి ఒక బడి హాల్లో నాటకం. కుర్చీలు చాలక పిల్లలు నేల మీద కూర్చున్నారు. వీరాంపట్టినం జాలర్లు ఇచ్చిన పాత వలలే సముద్రం. నీలం రంగు వేసి ఇద్దరు అటూ ఇటూ ఊపుతుంటే అలలు వచ్చాయి, వెనక్కి పోయాయి. ఎర్ర ప్లాస్టిక్ బకెట్లు కోసి పీతల కొండీలు చేశారు. ఇరవైమంది పెద్దవాళ్ళు గంటంబావు సేపు పక్కకే నడిచారు. మొదటి పాటలోనే ఒకాయన కొండీ ఊడి ముందు వరసలోకి దొర్లింది. అది దొరికిన పాప తిరిగి ఇవ్వనని పేచీ పెట్టింది. ఆ పీత చివరిదాకా ఒంటి కొండీతోనే ఆడింది.

కస్తూరి వచ్చింది. గొంతుక్కూర్చుని, చేతులకి కొండీలతో పక్కకి గెంతుతూ వచ్చింది. నా వెనక పిల్లలు గుసగుసలు మొదలుపెట్టారు.

"సినిమాలో చిన్నది గదా? ఈడ ఏంది ఇంత పెద్దగా ఉండాది?"

"సుమ్మా ఉండు రా. పాట ఇను."

సముద్రం వెనక్కి పోయే ఘట్టంలో ఆ పాట పాడింది. వలని పూర్తిగా లాగేశారు. ఖాళీ స్టేజీ మీద ఒక్కతే కూర్చుని, నీళ్ళు ఎటు పోయాయో అటు తిరిగి తల్లిని పిలిచింది. మైకు కూడా సరిగ్గా లేదు. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. కళ్ళు తుడుచుకున్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తున్నాను కానీ అప్పుడు మైకులో చెప్పలేదు.

పాట అయ్యాక లేవబోయింది. మోకాలు పట్టేసింది. ఒడ్డు రాయిలా మూల పెట్టిన థర్మాకోల్ బండ పట్టుకుంటే అది ఊగింది. ఒక క్షణం నవ్వాలో, లేచి పట్టుకోవాలో ఎవరికీ తెలియలేదు. న్యాయనిర్ణేత బుద్ధి కదా, నా కన్ను ఆ మోకాలి మీదే ఆగిపోయింది.

మైకు నా చేతికి వచ్చింది

నాటకం అయ్యాక ఒక్కరూ లేవలేదు. నటులు వేషాలతోనే వచ్చి కింద కూర్చున్నారు. గోవిందసామి నాకు శాలువా కప్పి, మైకు ఇచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మొదట మెచ్చుకున్నాను. అక్షరం రాని నోళ్ళతో ఇంత నాటకం నడిపించారన్నాను. వలని సముద్రం చేసిన తెలివిని పొగిడాను. తరవాత "కానీ" అన్నాను. నా బతుకంతా ఆ "కానీ" దగ్గరే ఉంది.

"పీతపిల్ల అంటే పిల్ల కదండీ. కస్తూరిగారి గొంతు పిల్లదే. మోకాళ్ళు మాత్రం అమ్మమ్మవి."

అందరూ నవ్వారు. నవ్వు వినగానే నాకు ఊపొచ్చింది.

"పాట ఆవిడ చేతే పాడించండి. వేషం ఎవరైనా చిన్నమ్మాయికి ఇవ్వండి. యానాంలో మావాళ్ళు ముందు కంటితో చూస్తారు, తరవాతే చెవితో వింటారు."

ఇక యుద్ధం మొదలవుతుందని కూర్చున్నాను. మా వైపైతే ఈపాటికి ముగ్గురు లేచి "మీకేం తెలుసండీ" అనేవాళ్ళు. ఇక్కడ మైకు ఒక్కొక్కరి చేతికీ వెళ్ళింది. పదకొండు మంది మాట్లాడారు. అమ్మ చెప్పింది నిజం అన్నారు. మోకాళ్ళు చూస్తే కష్టంగానే ఉండాది అన్నారు. పొద్దున కూతురు ఏడ్చిందని చెప్పిన ఆవిడ కూడా "చిన్నపిల్ల అయితేనే బాగుంటాది" అంది. నాకు మొదట గర్వంగా అనిపించింది. ఏడో మనిషి దగ్గరికి వచ్చేసరికి శాలువా తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

కస్తూరి కింద కూర్చుని మైకు ఎవరి దగ్గరికి వెళితే వాళ్ళ మొహమే చూస్తోంది. అందరూ అయ్యాక లేచి, ఎర్ర కొండీలు రెండూ జోడించి నాకు దండం పెట్టింది.

ఆదివారం బజారు

ఆదివారం అక్కడ గాంధీ వీధి పొడవునా బజారు పెడతారు. చొక్కా నూట యాభై, చెప్పులు వంద. బేరమాడితే ఇంకా తగ్గిస్తారు. దేవకితో కలిసి వెళ్ళాను. దుప్పట్లు అమ్మే ఒకాయన నన్ను గుర్తుపట్టి స్టూలు వేశాడు. రాత్రి మైకులో నాలుగో మనిషి ఆయనే.

"ఆ పాట ఇంకా చెవిలో ఉండాది మా," అన్నాడు. "మా అమ్మ గుర్తొచ్చి ఏడ్చినాను."

"మరి మోకాళ్ళు బాగాలేవన్నారుగా?"

"మోకాళ్ళు ఎవురు చూసినారు మా!"

నేను తెల్లబోయాను. "ఆ మాట మైకులో చెప్పొచ్చు కదండీ!"

"తొలిమాట అయినాక ఇంకేం మాట్లాడేది?"

కాఫీ కొట్టు దగ్గరా అదే. వీరాంపట్టినం నుంచి చేపలు తెచ్చే ఆవిడా అదే మాట. ఎండ్రకాయ అట్లానే తడబడతా లేస్తాదని, కస్తూరి లేచినట్టే సరిగ్గా ఉందని చెప్పింది. ఇద్దరు ముగ్గురు మాత్రం నా మాటే నిజమన్నారు, చిన్నపిల్ల వేయాల్సిందేనన్నారు. అంటే మామూలు నాటకానికి ఉండాల్సినట్టే తలో అభిప్రాయం ఉంది. ఆ అభిప్రాయాలన్నీ మైకు దగ్గరికి వచ్చేసరికి నా నోట్లో పడి ఒక్కటైపోయాయి.

దారిలో దేవకి విడమరిచి చెప్పింది. వాళ్ళ పేటలో పెళ్ళి మాటలైనా, ఇంటి తగవైనా, నాటకమైనా పిలిచిన పెద్ద తొలిమాట చెబుతారు. తరవాత మాట్లాడేవాళ్ళు దాన్ని నిలబెట్టాలే తప్ప కాదనకూడదు. కాదంటే, పిలిచి అవమానించినట్టు.

"అదేం పద్ధతి దేవకీ! ఒక్క మనిషి ఇష్టమేనా?"

దేవకి మొహం చిన్నబోయింది. "ఒక్కరి ఇష్టం కాదమ్మా. అందుకే గదా పొద్దున అందరూ ఇంటికి వొచ్చేది. పెద్దోళ్ళు కూర్చుని అందరి మాటా ఇంటారు. ఇన్నాక, అదంతా కలిపి సాయంత్రం చెప్తారు. మీరు లేచి పోయినారు. అంత పెద్ద మనిషి, ఇనకుండానే తెలుసులే అనుకున్నాము."

నడిబజారులో నిలబడిపోయాను. మూర మల్లెపూలతో వచ్చినవాళ్ళు నాతో కబుర్లకి రాలేదు. సాక్ష్యం చెప్పడానికి వచ్చారు. నేను గుగ్గిళ్ళు తింటూ గాలి పీల్చుకోవడానికి పోయాను.

ఇంకో సంగతి ఉంది, దాచను. నాకు ముప్ఫై తొమ్మిదేళ్ళప్పుడు ఒక పరిషత్తులో ఒక న్యాయనిర్ణేత మైకులో "రాజేశ్వరి గారు ఇక తల్లి వేషాలకి మారితే శోభగా ఉంటుంది" అన్నాడు. అప్పుడూ జనం నవ్వారు. ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు. ఆ మాటే, ఇంకాస్త నవ్వు కలిపి, నేను కస్తూరి మీద వేశాను.

చేతులు కాలాక

మధ్యాహ్నం గోవిందసామి ఇంటికి వెళ్ళి పంచాయతీ పెట్టించాను. ఎనిమిదిమంది వచ్చారు. నేను పొరపాటు పడ్డానని, నాటకంలో అన్నిటికంటే గొప్పది కస్తూరే అని, ఆ పాటకి నేను కూడా ఏడ్చానని చెప్పాను. ఇంత తిన్నగా నా తప్పు నేనెప్పుడూ ఒప్పుకోలేదు. మా ఆయన వింటే పండగ చేసుకునేవాడు.

అందరూ శ్రద్ధగా విన్నారు. గోవిందసామి కళ్ళు చెమర్చాయి.

"అమ్మా, ఎంత మంచి మనసు మీది! ఆయమ్మ నొచ్చుకుంటాదని ఇట్ల అంటా ఉండారు."

"నొచ్చుకుంటుందని కాదండీ! నిజమే చెబుతున్నాను."

"తెలుసమ్మా. పెద్దోళ్ళు సభలో నిజం చెప్తారు, ఇంట్లో మనసు చెప్తారు. సభలో చెప్పినారు గదా, అది చాలు."

మిగిలినవాళ్ళు తల ఊపారు. నా తిట్టుని ఒక్క నిమిషంలో నమ్మినవాళ్ళు నా మెప్పుని గంటసేపు చెప్పినా నమ్మలేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని చిన్నప్పుడు పలక మీద రాసి దిద్దాను. అర్థం ఇప్పుడు తెలిసింది.

అప్పటికే పనులు కూడా అయిపోయాయి. పండగ నిర్వాహకులు బస్సులో ఇరవై రెండు సీట్లే ఇచ్చారట. స్టేజీ ఎక్కేవాళ్ళ పేర్లే జాబితాలో ఉండాలట. కస్తూరి పేరు తీసేసి, పందొమ్మిదేళ్ళ కాలేజీ పిల్ల శ్వేత పేరు ఎక్కించి, ఆ పొద్దునే పంపేశారు. కస్తూరి పాటలన్నీ ముందే రికార్డు చేస్తారు. యానాంలో అవి పెట్టి శ్వేత పెదవులు కదుపుతుంది.

"గొంతు ఆయమ్మదే ఉంచమన్నారు గదా," అన్నాడు గోవిందసామి. "మీరు చెప్పినట్టే చేసినాము."

అరియాంకుప్పం

సాయంత్రం దేవకి నన్ను ఏటి వంతెన మీదుగా అరియాంకుప్పం తీసుకెళ్ళింది. బస్సు టికెట్టు పది రూపాయలు. కస్తూరి ఇంటి ముందు కోళ్ళు, గుమ్మంలో ఆరబెట్టిన మురుకుల జల్లెడ. నన్ను చూసి ఉలిక్కిపడింది. వెంటనే చాప వేసి, మురుకులు పెట్టింది. మా జంతికలకంటే సన్నం, నువ్వులు ఎక్కువ. ఒకటి కొరికి పక్కన పెట్టాను.

"తప్పు నాది కస్తూరీ. క్షమించమ్మా," అన్నాను.

"మీరు తప్పేం చెప్పలేదమ్మా. మోకాలు నొప్పి నిజమే. వానాకాలం అయితే ఇంకా నొస్తాది." కుంకుడుకాయ రసంలో నానబెట్టిన కొండీల జతని ఒకటొకటిగా తుడుస్తోంది, శ్వేతకి ఇవ్వడానికి. "పదకొండు మంది మాట్లాడినారు. నేను లెక్కపెట్టుకుంటా ఉన్నాను. అందురూ నా కాడ నేర్చుకున్నోళ్ళు, లేకుంటే వాళ్ళ అమ్మానాయనలు. ఒక్కరన్నా, ఆయమ్మని ఉండనీండి అంటారని చూసినాను."

దేవకి తల దించుకుంది. ఆవిడా ఆ పదకొండు మందిలో ఒకతె.

నాకు తోచింది అడిగాను. "నువ్వు మా ఇంటికి రామ్మా. యానాం నేనే తీసుకెళ్తాను. నాటకం రోజు పక్కన కూర్చుని చూద్దాం."

కస్తూరి కొండీ తుడవడం ఆపింది. కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుని ఉంటే నాకు తేలికగా ఉండేది.

"చుట్టంగా పోయేదానికి అయితే ఎప్పుడో పోయి ఉందును అమ్మా. నా గొంతు స్పీకరులో వొస్తా ఉంటే, నేను కింద కూర్చుని ఇనాలా?"

తిరిగి బస్సెక్కేటప్పుడు మురుకులు పొట్లం కట్టి నా సంచిలో పెట్టింది. వద్దనడానికి నాకు మొహం చెల్లలేదు.

సోమవారం ఆరున్నరకి

కస్తూరి ఎనిమిదిన్నరకల్లా వంటకి వెళ్ళాలి కాబట్టి పొద్దున ఆరున్నరకే రికార్డింగ్ పెట్టారు. నా బస్సు పదింటికి. రానని అనలేకపోయాను. గోడలకి బొంతలు కట్టిన చిన్న గది. ఒక కంప్యూటరు, ఒక మైకు. పెళ్ళిళ్ళకి పాటలు ఎక్కించే ఒకాయన కూర్చుని ఉన్నాడు. గోవిందసామి, దేవకి, శ్వేత, నేను ఒక బెంచీ మీద.

ఐదు పాటలు పాడింది. కూర్చునే పాడింది, మోకాలికి ఏ ఇబ్బందీ లేదు. తల్లిని పిలిచే పాటకి వచ్చేసరికి కంప్యూటరాయన చెయ్యి మౌస్ మీద అలాగే ఉండిపోయింది. శనివారం కంటే బాగా పాడింది. శ్వేత ఏడుస్తూ కూర్చుంది.

"నాకు వొద్దు అత్తా," అంది శ్వేత. "నేను చెయ్యలేను."

కస్తూరి హెడ్‌ఫోన్ తీసి ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఏడిస్తే ఎట్ల? ఇట్ల చూడు. 'నీళ్ళు' అన్నాక నేను ఊపిరి తీస్తాను. నువ్వూ ఆడే తీయి. భుజాలు లేపు. లేకుంటే పాడేది నువ్వు కాదని ముందు వరసోళ్ళకి తెలిసిపోతాది." పాట వేయించుకుని, ఊపిరి తీసిన ప్రతి చోటా శ్వేత భుజం తట్టి చూపించింది. నాలుగుసార్లు చేయించింది. నాలుగోసారికి ఆ పిల్ల పెదవులు, భుజాలు అచ్చంగా కస్తూరివే అయ్యాయి.

అప్పుడు కంప్యూటరాయన తెర మీద గీతలు చూపించాడు. "ఈ మధ్యలో ఉండేదంతా ఊపిరి శబ్దం. తీసేస్తాను, నీట్‌గా ఉంటాది."

"వొద్దు సార్," అంది కస్తూరి.

"అందురూ తీసేస్తారు మా. గలీజుగా ఇనిపిస్తాది."

"ఊపిరన్నా యానాం పోనీండి సార్."

ఆయన గోవిందసామి వైపు చూశాడు. గోవిందసామి నా వైపు చూశాడు. లేచి చేతులు కట్టుకుని, శనివారం నిలబడ్డట్టే నిలబడ్డాడు. దేవకీ, శ్వేతా నన్నే చూస్తున్నారు.

"ఉంచండి," అన్నాను.

"ఉంచాల, ఉంచాల," అన్నారు అందరూ వెంటనే. అమ్మ చెప్పింది నిజం, ఊపిరి ఉంటేనే బాగుంటాదని గోవిందసామి అన్నాడు. ముందునుంచీ తనకీ అదే అనిపించిందని కంప్యూటరాయన అన్నాడు.

కస్తూరి గడియారం చూసుకుని, అప్పటికే ఆలస్యమైందని చెప్పి, వంటకి బస్సెక్కడానికి వెళ్ళిపోయింది.